బెజవాడలో కొత్త ఎస్‌యూవీ కొనడం ఎలా? సెల్లార్ కొలత నుంచి నిమ్మకాయల దాకా

పెద్ద కారు కొనాలని అనుకోగానే మనలో చాలామంది ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ షోరూమ్‌కి బయల్దేరతాం. అక్కడ ఏసీ చల్లగా ఉంటుంది, కాఫీ ఇస్తారు, పిల్లలు సన్‌రూఫ్‌లోంచి తల బయటపెడతారు. గంట తిరక్కుండానే అడ్వాన్స్ కట్టి రసీదు జేబులో పెట్టుకుని వచ్చేస్తాం. మొదటి కారు నేనూ అలాగే కొన్నాను. అమ్మానాన్నలతో కలిపి ఆరుగురికి సరిపోయే బండి కోసం రెండోసారి తిరిగినప్పుడు మాత్రం షోరూమ్‌ని చివరికి పెట్టుకున్నాను. డబ్బూ మిగిలింది, టెన్షనూ తగ్గింది.

1. ముందు టేపు పట్టుకుని సెల్లార్‌లోకి దిగండి

పటమట, మొగల్రాజపురం వైపు పాత అపార్ట్‌మెంట్లు చిన్న కార్ల రోజుల్లో కట్టినవి. పిల్లర్ల మధ్య జాగా, ర్యాంపు మలుపు అప్పటి లెక్కలోనే ఉంటాయి. క్రెటా పొడవు 4.33 మీటర్లు. స్కార్పియో-ఎన్ 4.66 మీటర్లు, వెడల్పు అద్దాలు కలపకుండానే 1.9 మీటర్లు దాటుతుంది. బండి లోపల పట్టడం ఒక్కటే కాదు, పట్టాక తలుపు తెరుచుకుని అమ్మ దిగగలగాలి. మా బావ ఈ లెక్క చూసుకోలేదు. రెండేళ్లుగా ఆయన స్కూటీ సెల్లార్‌లో నీడపట్టున ఉంటోంది, ఇరవై లక్షల బండి రోడ్డు మీద ఎండలో ఉంటోంది.

సీట్ల సంగతి కూడా ఇంట్లోనే తేల్చుకోండి. ఏడు సీట్లంటే ఏడుగురు పెద్దవాళ్లు హాయిగా కూర్చుంటారని కాదు. చాలా బండ్లలో మూడో వరుస పిల్లలకే. ఆ వరుస వేస్తే వెనక సామాను జాగా రెండు బ్యాగులతో సరి. ఆరుగురూ కలిసి వెళ్లేది ఏడాదికి రెండుసార్లు, అదీ సంక్రాంతికి, తిరుపతికి అయితే, ఆ రెండు రోజులకు ఇన్నోవా అద్దెకు మాట్లాడుకుని అయిదు సీట్ల బండి కొనుక్కోవడమే మేలని నా ఉద్దేశం. పెద్దవాళ్లు రోజూ ఎక్కేటట్టయితే, సీటు ఎత్తు, కాలు పెట్టుకునే మెట్టు సన్‌రూఫ్ కంటే ముఖ్యం.

2. పన్ను ఏ గీత దగ్గర మారుతుందో తెలుసుకోండి

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల మీద జీఎస్‌టీ మారింది. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, ఇంజిన్ పెట్రోలుకైతే 1200 సీసీ, డీజిల్‌కైతే 1500 సీసీ దాటకపోతే 18 శాతం. ఈ రెండిట్లో ఏది దాటినా 40 శాతం. నెక్సాన్ 18 శాతంలోకి వస్తుంది. బ్రెజా కూడా 4 మీటర్ల లోపే, కానీ ఇంజిన్ 1462 సీసీ కాబట్టి 40 శాతంలోకి పోతుంది. పక్కపక్కన నిలబెడితే రెండూ ఒకే సైజు బండ్లలా కనబడతాయి. ఎలక్ట్రిక్ బండికి 5 శాతమే. అయితే ఛార్జింగ్ పాయింటుకు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి.

జీఎస్‌టీ ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. దాని పైన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పడతాయి. అందుకని బడ్జెట్ ఎప్పుడూ ఆన్‌రోడ్ ధర మీదే వేసుకోవాలి.

డీజిలా, పెట్రోలా? పిల్లల స్కూలు, ఆఫీసు, బీసెంట్ రోడ్డు, అంతా ఊళ్లోనే తిరిగేవాళ్లకు డీజిల్ వద్దంటాను. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రం కావాలంటే అప్పుడప్పుడూ హైవే మీద ఏకబిగిన పరుగెత్తించాలి. వారానికోసారి హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకు డీజిల్ బాగుంటుంది.

3. టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం పెట్టుకోండి

షోరూమ్ వాళ్లు చూపించే రెండు కిలోమీటర్ల తిన్నని రోడ్డు సరిపోదు. ఒంటిగంట ఎండలో, ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించుకుని వెళ్లండి. వెనక సీట్లో ఏసీ చల్లబడటానికి ఎంతసేపు పడుతుందో అప్పుడే తెలుస్తుంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద వేగం చూడండి, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వైపు ఇరుకు సందుల్లో తిప్పి చూడండి. మూడో వరుస ఉంటే అందులో కాసేపు మీరే కూర్చోండి. భద్రతకు భారత్ ఎన్‌క్యాప్ (కార్లను ఢీకొట్టించి చూసే పరీక్ష) రేటింగ్ చూడండి. ఈ పరీక్షలు 2023 అక్టోబర్‌లో మొదలయ్యాయి. పెద్దల రక్షణకు ఒక మార్కు, పిల్లల రక్షణకు ఇంకో మార్కు విడివిడిగా ఇస్తారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే రెండోది కూడా అడగండి.

4. కొటేషన్‌ని లైను లైనూ చదవండి

బేరమంతా ఇక్కడే ఉంది. "సార్, డిస్కౌంట్ ముప్పై వేలు ఇచ్చేశాం" అంటారు. మనం సంబరపడిపోతాం. కింద నాలుగు లైన్లలో నలభై వేలు తిరిగి రాసి ఉంటుంది.

కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ రాయించుకోండి, అందులో ఒకటి గుంటూరు నుంచి. గుంటూరు 35 కిలోమీటర్ల దూరమే. లైఫ్ ట్యాక్స్ రాష్ట్రమంతటికీ ఒకటే. నంబరు సిరీస్ కూడా ఒకటే. కృష్ణాకు ఏపీ 16, గుంటూరుకు ఏపీ 07 అనే తేడా 2019 నుంచి లేదు. గుంటూరు కాగితం బల్ల మీద పెట్టగానే బందరు రోడ్డు షోరూమ్ మేనేజర్ల గొంతులో మెత్తదనం వస్తుంది. నేను కళ్లారా చూశాను.

కాగితంలో ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఫాస్టాగ్ ఉండాల్సినవే. బండి ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే మన దగ్గర వసూలు చేసి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) కూడా పడుతుంది. అది పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమవుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపిస్తే పన్నులో సర్దుబాటవుతుంది, లేదంటే వెనక్కొస్తుంది. 15 లక్షల బండికి 15 వేలు. రిటర్న్ వేసేటప్పుడు మర్చిపోకండి.

మిగతా లైన్లు అడిగి తెలుసుకోవాల్సినవి. హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్, ఫైల్ ఛార్జీలు అని ఏదో పేరుతో పది, పదిహేను వేలు కనబడితే, "ఇది దేనికి? ఇన్‌వాయిస్‌లో ఇలాగే వేసిస్తారా?" అని నెమ్మదిగా అడగండి. నేనడిగితే ఆ లైను పెన్నుతో కొట్టేశారు. అరవాల్సిన పని రాలేదు. యాక్సెసరీస్ కిట్ తప్పనిసరి కాదు. మ్యాట్లు, సీటు కవర్లు, కెమెరా ఆటోనగర్‌లో బాగా తక్కువకు దొరుకుతాయి. కాకపోతే వైర్లు కోసి బిగించేవి మాత్రం బయట పెట్టించకండి, వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

పాత కారు ఎక్స్ఛేంజ్‌కి ఇస్తుంటే ముందు బయట రెండు చోట్ల ధర అడిగి వెళ్లండి. ఆ బేరాన్ని కొత్త బండి బేరంతో కలపనివ్వకండి. ఇచ్చేటప్పుడు బండిని ఇంకొకరి పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలతో పాటు బండి అప్పజెప్పినట్టు తేదీ, టైమ్ రాసిన రసీదు తీసుకోవాలి. లేకపోతే రేపు ఎవరో చేసిన తప్పుకు చలానా మీ పేరునే వస్తుంది.

ఇంకొకటి, నగదు. 2 లక్షలు, ఆ పైన నగదుగా పుచ్చుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మిగతాది బ్యాంకు ద్వారానే పంపండి, అదీ డీలర్ కంపెనీ ఖాతాకే, సేల్స్ కుర్రాడి ఫోన్‌పేకి కాదు.

5. ఇన్సూరెన్స్ అక్కడే తీసుకోవాలని లేదు

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి. 1000 నుంచి 1500 సీసీ దాకా ఆ మూడేళ్ల ప్రీమియం 10,640 రూపాయలు, అంతకు మించిన ఇంజిన్‌కు 24,596. ఈ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది కాబట్టి ఏ కంపెనీ అయినా ఒకటే. తేడా అంతా ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) దగ్గర వస్తుంది. బయట కొటేషన్ తెచ్చి చూపించండి. డీలర్ సరితూగే ధర ఇస్తే క్లెయిమ్ సౌకర్యం కోసం అక్కడే తీసుకోవచ్చు. పాత కారు మీద నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకుండా గడిపిన ఏళ్లకు వచ్చే తగ్గింపు) ఉంటే అది బండిది కాదు, మీది. ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గిస్తుంది, కొత్త కారుకు మార్చుకోవచ్చు. షోరూమ్‌లో ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పడం నేను చూడలేదు.

జీరో డిప్రిసియేషన్‌తో (విడిభాగాలు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టని కవర్) పాటు ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పకుండా వేయించండి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో ఊరికి గుర్తుంది. నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు లాగుతుంది. ఆ నష్టం మామూలు పాలసీలో రాదు.

లోన్‌కు షోరూమ్ వాళ్లు చూపే బ్యాంకుతో పాటు మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో కూడా అడగండి. 9 శాతానికి 10 లక్షలు తీసుకుంటే అయిదేళ్లకు ఈఎంఐ 20,758, ఏడేళ్లకు 16,089. నెలకు తక్కువనిపించే ఆ ఏడేళ్లకు వడ్డీ లక్ష రూపాయలు ఎక్కువ.

6. ఎప్పుడు కొనాలి?

ఆషాఢంలో, మూఢంలో కొత్త బండి ఇంటికి తేవడం మనవాళ్లకు ఇష్టం ఉండదు. షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి కాబట్టి బేరానికి అదే అదను. ఆషాఢంలో ధర మాట్లాడి బుక్ చేసి, శ్రావణంలో డెలివరీ తీసుకోండి. శాస్త్రమూ దక్కుతుంది, డిస్కౌంటూ దక్కుతుంది. కాకపోతే బుకింగ్ ఫారంలో ఇన్‌వాయిస్ రోజు ధరే వర్తిస్తుందని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాట్లాడుకున్న డిస్కౌంట్‌ని అదే ఫారం మీద రాయించి స్టాంపు వేయించుకోండి. డిసెంబర్ ఆఫర్లు కూడా మంచివే, అయితే అమ్మేటప్పుడు ఆ బండి ఒక ఏడాది పాతదిగా లెక్కకొస్తుంది. పదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఆ బాధ లేదు.

7. రిజిస్ట్రేషన్‌కు ముందే బండి చూడండి

ఈ ఒక్క పనికి సగం రోజు సెలవు పెట్టినా నష్టం లేదు. మీ పేరున రిజిస్టర్ అయ్యాక లోపం కనబడితే "సర్వీస్‌లో సరిచేయిస్తాం సార్" అంటారు. ముందే కనబడితే బండే మారుస్తారు. కాబట్టి మొత్తం డబ్బు కట్టకముందే, మీకు కేటాయించిన బండి ఛాసిస్ నంబర్ అడిగి, ఊరి బయట స్టాక్ యార్డుకు పగటిపూట వెళ్లండి. ట్యూబ్‌లైట్ల కింద రంగు తేడాలు తెలియవు.

ఛాసిస్ నంబర్ కాగితంలోనూ, బండి మీదా ఒకటేనా? తయారైన నెల ఏది? టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. అయిదు టైర్లూ దగ్గర దగ్గర తేదీలవేనా? మీటర్‌లో కిలోమీటర్లు యాభై, అరవై దాటితే ఎందుకని అడగండి. బానెట్, తలుపులు, డిక్కీ చుట్టూ సందులు సమానంగా ఉన్నాయేమో, రంగు అన్ని చోట్లా ఒకే ఛాయలో ఉందేమో చూడండి. లైట్లు, వైపర్లు, అద్దాలు, ఏసీ, స్క్రీన్ అన్నీ ఒక్కొక్కటే నొక్కండి. నాకు చూపించిన మొదటి బండి వెనక తలుపు మీద రంగు కొద్దిగా మందంగా తగిలింది. "పాలిష్ సార్" అన్నారు. వారం ఆగి వేరే బండి తీసుకున్నాను.

8. డెలివరీ రోజు

కనీసం టెంపరరీ రిజిస్ట్రేషన్ అయినా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఇన్‌వాయిస్, ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకు తగినదన్న సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, ట్యాక్స్ కట్టిన రసీదు, రెండు తాళాలు, జాకీ, టూల్‌కిట్, స్టెప్నీ చూసుకున్నాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టండి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు డీలరే బిగించాలి.

అక్కడి నుంచి ఎవరైనా వెళ్లేది దుర్గమ్మ దగ్గరికే కదా. పూజ సామాను, నాలుగు నిమ్మకాయలు ముందే కొనిపెట్టుకోండి. అయితే ఇంద్రకీలాద్రి వైపు తిప్పేముందు మీటర్‌లో పెట్రోలు ముల్లు చూడండి. షోరూమ్ వాళ్లు పోసేది పక్క బంకు దాకా వెళ్లడానికే సరిపోతుంది.