ఊగుతోంది సరే, లోపం ఎక్కడ?

సీలింగ్ ఫ్యాన్ ఊగుతోంది
స్పీడు పెంచేకొద్దీ ఊపు ఎక్కువైతే రెక్కల్లో తేడా ఉన్నట్టు. మెయిన్ ఆపి, ఒక్కో రెక్క కొసకూ స్లాబుకూ మధ్య ఎత్తు కొలవండి. తేడా వస్తే మరలు బిగించండి. రెక్క వంగితే సెట్టు మొత్తం మార్చాలి, అవి బరువు చూసి జతచేసినవి. మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి మరలు తుప్పు పడతాయి. కొక్కెం దగ్గర బోల్టు కూడా చూడండి.

బొంగరం తల ఊపుతోంది
నిలవకుండా గెంతుతూ, అరచేతిలోకి తీసుకుంటే అదురుతుంటే మేకు నడిమధ్యన లేదు. పీకి నిటారుగా దిగగొట్టండి. వదలగానే నాలుగైదుసార్లు తలాడించి సర్దుకుంటే మాత్రం లోపం కాదు, చేయి వంకరగా విసిరింది, అంతే. తాడు బిగువుగా చుట్టి మళ్లీ వేయండి.

తర్వాత తల మెల్లగా గుండ్రంగా తిరగడమూ సహజమే. వాలిన బొంగరాన్ని భూమి కిందకి లాగుతుంది. అది గిర్రున తిరుగుతున్నంతసేపూ ఆ లాగుడుకు పడిపోదు, ఇరుసు పక్కకు జరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ చుట్టు త్వరత్వరగా సాగి, చివరికి పడిపోతుంది. భూమి ఇరుసుకూ ఇలాంటి చుట్టు ఉంది, సుమారు 26 వేల ఏళ్లకొకటి. దానిపైన చంద్రుడి వల్ల 18.6 ఏళ్లకోసారి చిన్న తల ఊపు. ఆ ఊపు సంగతి 1748లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త బ్రాడ్లీ ప్రకటించాడు.

గొర్రె ఒకే వైపు తిరుగుతోంది
దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నెల్లూరు గొర్రెల్లో జోడిపి రకమైనా పల్ల రకమైనా, తల ఒక పక్కకు వాల్చి, మందకు దూరంగా నిలబడి చుట్లు తిరుగుతుంటే మెదడులో నీటితిత్తి ఉండొచ్చు. మూలం కుక్క పేగుల్లోని బద్దెపురుగు. కోసిన గొర్రె తలను కుక్కకు వేస్తాం, తిత్తిలోంచి పురుగు దానికి చేరుతుంది. కుక్క పెంటతో గుడ్లు పచ్చికలో పడతాయి, మేసిన గొర్రెకు మళ్లీ తిత్తి. ముదిరాక మందులతో పెద్దగా ఫలితం ఉండదు, ఆపరేషన్ చేసి తిత్తి తీయాలి. అందుకే తలలు కుక్కలకు వేయకుండా లోతుగా పూడ్చండి, మంద కుక్కలకు డాక్టరు చెప్పిన గడువుల్లో పురుగుల మందు పట్టించండి. జ్వరంతో, చెవి వాలి, చొంగ కారుతూ ఒకట్రెండు రోజుల్లోనే ముదిరితే లిస్టీరియా అనే బాక్టీరియా జబ్బు కావచ్చు. ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, యాంటీబయాటిక్ ఆలస్యమైతే బతకడం కష్టం.

చిక్కుడు తీగ కొస ఊగుతోంది
గాలి లేకపోయినా కొస గంటల తరబడి గుండ్రంగా తిరుగుతుంటే తెగులనుకోవద్దు, ఆసరా వెతుక్కుంటోంది. పక్కన ఒక కందికంప పాతండి, మందు కొట్టొద్దు.