అనంతపురంలో డెంటల్ క్లినిక్ పెడుతున్నారా? రిజిస్ట్రేషన్ దరఖాస్తు, ఇన్‌స్పెక్షన్ ఇట్ల ఉంటాయి

మా ఆయన డెంటిస్టు, క్లినిక్ పేపర్ల పనంతా నాది. సాయినగర్ సైడు కొత్తగా క్లినిక్ పెట్టే పిల్లలు ఫోన్ చేసి "మేడమ్, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుకి ఏమేం కావాల" అని అడుగుతుంటారు. ఏమేం కావాల అన్నదానికంటే ఏది ముందు, ఏది వెనక అన్నది ముఖ్యం, ఎందుకంటే ఒక కాగితం లేనిదే ఇంకోటి రాదు.

మన రాష్ట్రంలో ప్రైవేటు క్లినిక్‌లకి 2002 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, ఒక్క కుర్చీతో నడిపే క్లినిక్ అయినా రిజిస్టర్ కావాల్సిందే, సర్టిఫికెట్ 5 ఏళ్లు. మొదట చూసుకోవాల్సింది ఏపీ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. మనోళ్లు చానామంది బళ్లారి, బెంగళూరు పోయి చదివి అక్కడే రిజిస్టర్ అయ్యుంటారు, ఇక్కడ ప్రాక్టీస్ పెట్టాలంటే దాన్ని ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాల. తర్వాత బిల్డింగ్ అగ్రిమెంట్. అందులో డోర్ నంబర్ ఎట్ల రాశారో మిగతా అన్ని అప్లికేషన్లలో అట్లే రాయండి. మాకు ఒకదాంట్లో పాత నంబర్, ఇంకోదాంట్లో కొత్త నంబర్ పడి ఫైల్ వెనక్కొచ్చింది, అంత చిన్న దానికి మళ్లీ మొదట్నుంచి తిరిగినాం.

ఆ తర్వాత బయోమెడికల్ వేస్ట్, అంటే సూదులు, రక్తం అంటిన దూది లాంటి క్లినిక్ చెత్త. చెత్త తీసుకుపోయే కామన్ ట్రీట్‌మెంట్ కంపెనీతో అగ్రిమెంట్ చేసుకుని, అది పెట్టి పొల్యూషన్ బోర్డు ఆథరైజేషన్‌కి అప్లై చేయాల. ఎక్స్‌రే మిషన్ ఉంటే ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ల ఈలోరా పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, మిషన్ కొనేముందే టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కి ఏఈఆర్‌బీ ఆమోదం) ఉన్న మోడలా కాదా అడిగి కొనండి, డబ్బులు కట్టేసినాక అడిగితే లాభం లేదు. ఇవన్నీ చేతికొచ్చినాక డీఎంహెచ్‌ఓ దగ్గరికి దరఖాస్తు, దాని వెనకే ఇన్‌స్పెక్షన్.

ఇన్‌స్పెక్షన్ అంటే ఫైల్ ఒకటే చూసి పోతారనుకోవద్దు. మా దగ్గరికి వచ్చినప్పుడు ఆఫీసర్ డాక్టర్‌ని వదిలేసి నేరుగా అసిస్టెంట్ పాపని "సూది వాడినాక ఎక్కడ వేస్తావమ్మా" అని అడిగినారు. ఆ పాప తడుముకోకుండా సూది కట్టర్, దాని పక్కన తెల్ల డబ్బా చూపించింది. అందుకే స్టాఫ్‌కి ముందే నేర్పించండి: రక్తం అంటిన దూది, గాజ్, పీకిన పన్ను పసుపు కవర్‌లో, గ్లౌజులు, సూది తీసేసిన సిరంజి, సక్షన్ టిప్ ఎర్ర కవర్‌లో, సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలో, మత్తుమందు గాజు సీసా నీలం దాంట్లో. సిమెంట్ కాకుండా వెండి ఫిల్లింగ్ ఉన్న పన్ను పసుపు కవర్‌లో వేయకూడదు, ఆ కవర్ కాల్చేదానికి పోతుంది, వెండి ఫిల్లింగ్‌లో పాదరసం ఉంటుంది. పసుపు కవర్ చెత్త 48 గంటలు దాటి ఉంచకూడదు కాబట్టి బండి రాని రోజు వెంటనే ఫోన్ చేయండి.

అన్నింటికంటే నేను గట్టిగా చెప్పేది ఆటోక్లేవ్ గురించి, అదే, ఆవిరి ప్రెషర్‌తో సామాన్లలో క్రిముల్ని చంపే మిషన్. పౌచ్‌లో (సీల్ చేసే కవర్‌లో) పెట్టిన సామాన్లకి 121 డిగ్రీల్లో 30 నిమిషాలు, మధ్యలో కరెంట్ పోతే ఆ సైకిల్ లెక్కలోకి రాదు, మళ్లీ మొదట్నుంచి పెట్టాల. మనకి బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో తెలుసు కదా, మొదట్లో మేము ఆ నీళ్లే పోసినాం, కొన్ని నెలలకే లోపలంతా తెల్లగా సున్నం కట్టి, పైపు మూసుకుపోయి ప్రెషర్ ఎక్కలేదు. అప్పట్నుంచి డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయలేదు. ప్రతి పౌచ్ మీద తేదీ రాయండి, పౌచ్ మీద వేడికి రంగు మారే గుర్తు, ఇండికేటర్, రంగు మారిందో లేదో చూడండి, సైకిల్ టైము, వేడి, ఎవరు పెట్టినారు అన్నీ రిజిస్టర్‌లో ఎక్కించండి, వారానికోసారి స్పోర్ టెస్ట్ (మిషన్‌లో పెట్టిన మొండి క్రిములు చచ్చినాయో లేదో చూసే పరీక్ష) చేసి ఆ రిజల్ట్ కూడా అందులోనే అంటించండి. ఆఫీసర్ డ్రాయర్ తీసి ఒక పౌచ్ చేతికి తీసుకుని తేదీ చూసి, రిజిస్టర్‌లో ఆ తేదీ వెతికితే దొరకాల. ఇన్‌స్పెక్షన్ ముందు రోజు కూర్చుని నెల రోజుల లెక్క ఒకే పెన్నుతో రాసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. నోరు తెరిచి మన కుర్చీలో కూర్చునే మనిషికి ఆ ప్రోబ్ (పన్ను చూసే సన్న పుల్ల లాంటి సామాను) ముందు ఎవరి నోట్లో పెట్టినారో తెలీదు, మనల్ని నమ్మి కూర్చుంటాడు. హెపటైటిస్ బి ఒకరి రక్తం నుంచి ఇంకొకరికి పోవడానికి కంటికి కనపడని చుక్క చాలు.

స్టాఫ్‌కి ఆ హెపటైటిస్ బి టీకా వేయించి కార్డులు ఫైల్‌లో పెట్టండి. ఎక్స్‌రే తీసేటప్పుడు వేసే లెడ్ ఏప్రన్ మడిచి పెట్టొద్దు, హ్యాంగర్‌కి తగిలించండి, మడతల దగ్గర లోపల సీసం పగులుతుంది. ఎమర్జెన్సీ ట్రేలో అడ్రినలిన్ ఎక్స్‌పైరీ చూసుకోండి, ఆక్సిజన్ సిలిండర్‌లో గ్యాస్ ఉందో లేదో కూడా.

ఏదైనా లోపం రాసిపోతే భయపడొద్దు, సరిచేసి ఫోటోలతో రాతపూర్వకంగా ఇచ్చి, ఆఫీసు ముద్ర వేసిన కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. సర్టిఫికెట్ వచ్చినాక పేషెంట్లకి కనపడే చోట తగిలించండి. పొల్యూషన్ బోర్డుకి వేస్ట్ మీద యాన్యువల్ రిపోర్ట్ ప్రతి ఏడాది జూన్ 30 లోపల ఇవ్వాల, చానామంది మర్చిపోయేది ఇదే, ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.