పిల్లలు ఇంటి భాషలోనే జవాబు చెప్పాలంటే

ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయిన ఇళ్లలో ఒక దశ తప్పకుండా వస్తుంది. మీరు ఇంటి భాషలో అడుగుతారు, పిల్ల బయటి భాషలో జవాబిస్తుంది. అర్థం కాక కాదు, అంతా అర్థమవుతుంది. నోరే అటు తిరిగిపోతుంది. మా ఇంట్లో నా భాష వేరు, మా ఆయన భాష వేరు, మా అమ్మాయి బడి భాష ఈ రెండూ కాదు. కాబట్టి ఈ టెన్షన్ ఏమిటో నాకు బాగా తెలుసు. అలాంటి ఇళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒకటి మానేయండి. "మన భాష మర్చిపోతే మనం ఎవరం?" అనే ఉపన్యాసం. ఆరేళ్ల పిల్లకి సంస్కృతి అంటే కొందరు మనుషులు, అంతే. ఎవరితో పోట్లాడుతుందో, ఎవరి దగ్గర గారాలు పోతుందో వాళ్లు. వాళ్లతో పని జరగాలంటే ఆ భాష కావాలి అన్నప్పుడు అది నిలుస్తుంది. లేకపోతే ఎంత పొగిడినా నిలవదు. పైగా ఆ ఉపన్యాసంలో నిజం కూడా సగమే. ఐర్లండ్‌లో ఎక్కువమంది రోజూ మాట్లాడేది ఇంగ్లిషే. అంతమాత్రాన వాళ్లు ఐరిష్ వాళ్లు కాకుండా పోయారా? భాష పోయినా గుర్తింపు మిగలొచ్చు. కానీ అమ్మమ్మ మధ్యవర్తి లేకుండా చెప్పే జోకు మిగలదు, పెద్దవాళ్ల గుసగుసలు చాటుగా వినే సరదా మిగలదు. నేను కష్టపడుతున్నది వాటి కోసం.

ఇక ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడాలో తేల్చుకోండి. "ఒక మనిషికి ఒక భాష" అనే పద్ధతి అందరూ చెబుతారు. తల్లి ఒక భాష, తండ్రి ఇంకో భాష. ఫ్రాన్స్‌లో జూల్ రోంజా అనే భాషావేత్త తన కొడుకుని ఇలాగే పెంచి 1913లో పుస్తకం రాశాడు. పద్ధతి మంచిదే కానీ దాని మీదే భారం వేయకండి. బెల్జియంలో ఆనిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు సుమారు 1,900 కుటుంబాలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. తల్లీతండ్రీ ఇద్దరూ ఇంటి భాషే మాట్లాడే కుటుంబాల్లో దాదాపు అన్నిచోట్లా పిల్లలు ఆ భాష మాట్లాడుతున్నారు. చెరొక భాష పంచుకున్న ఇళ్లలో నాలుగింట మూడు చోట్లే. అందుకని రెండో మనిషిని కూడా కొంచెం లాగండి. మా ఆయనకి నా భాష నేర్పే ఉద్యోగం మా అమ్మాయికే ఇచ్చాను. ఆయన తప్పుగా పలికితే సరిదిద్దడం దానికి మహా సంబరం.

ఇప్పుడు అసలు సంగతి. పిల్ల బయటి భాషలో మాట్లాడినప్పుడు మీరు ఆ క్షణంలో ఏం చేస్తారు? ఎలిజబెత్ లాంజా అనే భాషాశాస్త్రవేత్త నార్వేలో రెండు భాషల ఇళ్లలో పసిపిల్లల సంభాషణలు విని, తల్లిదండ్రులు చేసే పనులు ఐదు రకాలని చెప్పారు. అర్థం కానట్టు ముఖం పెట్టడం ఒకటి. ఊహించి ఇంటి భాషలో తిరిగి అడగడం రెండోది. పిల్ల అన్నదాన్నే ఇంటి భాషలో పలకడం మూడోది. పట్టించుకోకుండా సంభాషణ కొనసాగించడం నాలుగోది. మనమే బయటి భాషలోకి మారిపోవడం ఐదోది. చివరిది అలవాటైతే ఇంటి భాష అక్కర్లేదని పిల్ల తేల్చుకుంటుంది. మొదటిది మరీ చిన్నప్పుడు పనిచేస్తుంది కానీ మీకు బయటి భాష బాగా వచ్చని తెలిసిపోయాక అది ఉత్త నటన. పిల్లలకి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

నేను ఎక్కువగా వాడేది రెండోది. పెన్సిల్ పోయిందని బయటి భాషలో చెబుతుంది. నేను ఇంటి భాషలో "పెన్సిల్ విరిగిందా, పోయిందా?" అంటాను. జవాబు చెప్పాలంటే ఆ రెండు మాటల్లో ఒకటి తీసుకోవాల్సిందే, రెండూ నేనే అందించాను. అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలు అడగకండి. మోకాలు దోక్కుపోయి ఏడుస్తూ వచ్చినప్పుడు మాత్రం ఇవేవీ వద్దు. ఏ భాషలో ఏడిస్తే ఆ భాషలో వినండి.

చాలా ఇళ్లలో భాష చచ్చిపోయేది ఇంకోచోట. కొన్నేళ్లు గడిచేసరికి ఇంటి భాషలో మిగిలేవి ఆజ్ఞలే: లే, స్నానం చెయ్, బూట్లు విప్పు, పడుకో. స్నేహితులు, ఆటలు, రాకెట్లు, భిన్నాల లెక్కలు అన్నీ బయటి భాషకి వెళ్లిపోతాయి. అప్పుడు ఇంటి భాష అంటే విసుగు పుట్టకేం చేస్తుంది? కాబట్టి దానికి ఇష్టమైన విషయాన్ని ఇంటి భాషలోకి తెచ్చుకోండి. డైనోసార్‌ని డైనోసార్ అనే అనండి, దానికి వేరే మాట వెతకనక్కర్లేదు. వాక్యం ఇంటిదైతే చాలు. మీతో వాదించనివ్వండి కూడా. నా మీద ఫిర్యాదు ఇంటి భాషలో చెబితే ఓపిగ్గా వింటానని మా అమ్మాయి కనిపెట్టేసింది. నా మీద కేసులన్నీ ఇప్పుడు ఇంటి భాషలోనే నడుస్తున్నాయి.

దూరంగా ఉన్న తాతయ్యతో వీడియో కాల్ కూడా అంతే. "బాగున్నావా?" "బాగున్నాను." అక్కడితో ఆగిపోతుంది. వాళ్లిద్దరికీ ఏదో ఒక పని పెట్టండి. తాతయ్య ఒక బొమ్మని చూపించకుండా వర్ణించాలి, మనవరాలు విని గీయాలి. చివర్లో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఇంతకన్నా బాగా పనిచేసింది ఇంకోటుంది. మా నాన్నకి ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవడం రాదు. నేను చెప్పకుండా అమ్మాయికి వదిలేశాను. ఆయనకి దాని బడి భాష ఒక్క ముక్క రాదు. తనకి తెలిసింది ఆయనకి చేరాలంటే ఇంకో దారి లేదు.

మాటలు కలిపేస్తుంటే భయపడకండి. రెండు భాషలు వచ్చినవాళ్లందరూ కలుపుతారు, మీరూ కలుపుతారు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యమవుతాయి, ఇంటి భాష ఆపేయండి అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. పరిశోధనలు అలా చెప్పడం లేదు. వచ్చిన మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల్లోవీ కలిపి లెక్కపెట్టాలి. నిజంగా అనుమానం ఉంటే పరీక్ష చేయించండి, రెండు భాషల్లోనూ చూడమని అడగండి. చదవడం, రాయడం మాట నిలదొక్కుకున్నాక మొదలుపెట్టవచ్చు. కామిక్స్‌తో మొదలుపెడితే గొడవ తక్కువ.

మీకే ఆ భాష సరిగ్గా రాకపోతే? ఇది చాలామంది బయటికి అడగలేని ప్రశ్న. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలకి ఇదే సమస్య వచ్చింది. తల్లిదండ్రుల తరానికి భాష అంతంతమాత్రం, ముసలివాళ్లకి బాగా వచ్చు. 1982లో వాళ్లు పెట్టిన కోహంగా రేయో శిశుకేంద్రాల్లో ఆ పెద్దవాళ్లు పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడేవాళ్లు. 1990లలో కాలిఫోర్నియాలోని మూలవాసులు ఇంకో దారి పట్టారు. భాష వచ్చిన పెద్దవాళ్లు ఒకరు, నేర్చుకునేవాళ్లు ఒకరు జంటగా రోజువారీ పనులన్నీ ఆ భాషలోనే చేసుకోవడం. మీరూ ఒక పని పట్టుకోండి. బట్టలు మడతపెట్టడమో, మొక్కలకి నీళ్లు పోయడమో. ఆ పనికి కావలసిన మాటలు పెద్దవాళ్లని అడిగి, పిల్లతో కలిసి నేర్చుకోండి. అది నోటికి పట్టాక ఇంకో పని.

ఇక బంధువుల సంగతి. పిల్ల కష్టపడి ఒక వాక్యం చెబుతుంది, ఎవరో ఒకాయన దాని యాస విని పగలబడి నవ్వుతాడు, నలుగురినీ పిలిచి మళ్లీ చెప్పమంటాడు. ఆ తర్వాత అది ఆయన ముందు నోరు విప్పదు. నవ్వేదెవరో మీకు ముందే తెలుసు కాబట్టి, వెళ్లేముందే ఫోన్ చేసి గట్టిగా చెప్పండి: సరిదిద్దొద్దు, మళ్లీ చెప్పమనొద్దు, అది చెప్పిన విషయానికి జవాబివ్వండి చాలు. మా వైపు ఒకాయనకి చెప్పగా చెప్పగా తలకెక్కింది. ఇప్పుడు అమ్మాయి కనిపిస్తే పరీక్ష పెట్టడం మానేసి బడి కబుర్లు అడుగుతున్నారు.