తాళ్లల్లకు పోయే ముందు: వరంగల్ నుంచి ఒక్కరోజు కల్లు యాత్రకు జాగ్రత్తలు

ఎండకాలం వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట నుంచి పది పన్నెండు మంది కలిసి తుఫాన్ బండి మాట్లాడుకుని తాళ్లల్లకు, అంటే తాటివనాలకు, కల్లు తాగ పోవడం మామూలే. ముందుండి తీసుకపోయే మనిషిని బట్టే ఆ రోజు మంచిగ గడుస్తదా, ఆస్పత్రిలో తేలుతదా అన్నది ఉంటది. దారి తెలిస్తే సరిపోదు, చెట్టు ఎక్కే గౌడన్న కూడా తెలిసి ఉండాలె. ఆయనకు సొంతంగా టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్, అంటే గీసేటాయన పేరు మీదనే ఇచ్చే) లైసెన్స్ ఉందా, కల్లు సొసైటీల ఉన్నడా అని ముందే అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు: లొట్టి, అంటే చెట్టుకు కట్టిన కల్లు కుండ, మీ కళ్ల ముందు దిగాలె, మీ ముందే వడకట్టాలె. రోడ్డు పక్కన సీసాలల్ల, డబ్బాలల్ల పోసి పెట్టినదాన్ని ముట్టొద్దు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్నకాడ నీళ్లు, శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వేస్తరు. వాసన చూసో, నాలుకకు తాకించో వీటిని పట్టలేం. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లుకు ప్రాణాలే పోయినయి. రోజూ అసొంటి కల్లు తాగేటోళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతయి, ఏవేవో మాట్లాడుతరు, ఫిట్స్ వస్తయి. మీ గుంపుల అట్ల అలవాటు పడ్డ మనిషి ఉంటే ఈ యాత్ర ఆయనకు పనికిరాదు, ముందు డాక్టరుకు చూపించాలె.

తెల్లారుజామున నాలుగున్నరకే బయలుదేరండి. మే నెలల పొద్దు అయిదూ ముప్పావుకల్ల పొడుస్తది, నీరా తాగాలంటే అంతకు ముందే చెట్టు కింద ఉండాలె. సున్నం పూసిన లొట్టిల రాత్రంతా ఊరిన నీరా పులవదు, తియ్యగ ఉంటది. సున్నం లేని లొట్టిల ఈస్టు పట్టి గంటల్లోనే కల్లయితది, ఎండ ముదిరినకొద్దీ ఘాటు పెరుగుతది. బాగా పులిసిన కల్లుల మత్తు సుమారు బీరంత, అంటే నాలుగైదు శాతం దాకా ఉంటది. లీటరు తాగితే పెద్ద బీరు సీసా ఒకటిన్నర తాగినట్టు. రేకల (తాటాకు దొప్పల) పోస్తుంటే ఎంత పోయిందో లెక్క తెల్వదు, అందుకే ఒక లీటరు చెంబు పెట్టుకుని దాంట్ల నుంచే పంచండి. పొద్దున తాగిన లెక్కనే మధ్యాహ్నం తాగితే బోల్తా పడతరు.

పరగడుపున తాగొద్దు. గుడాలు, ఉడికిన గుడ్లు, సద్దిరొట్టె వెంట తెచ్చుకోండి. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు పెట్టుకోండి, కల్లు తాగితే దప్పి తీరదు, మూత్రం ఎక్కువైతది. షుగరు ఉన్నోళ్లకు నీరా కూడా మంచిది కాదు, దాంట్లో చక్కెర బాగా ఉంటది. ఇన్సులిన్ తీసుకుని ఖాళీ కడుపుతోని కల్లు తాగితే షుగరు పడిపోతది. చుట్టూ ఉన్నోళ్లేమో మత్తు అనుకుని వదిలేస్తరు. నిద్రమాత్రలు, ఫిట్స్ మందులు, మెట్రోనిడజోల్ వాడేటోళ్లు, గర్భిణులు తాగనేకూడదు. పిల్లలకు ముంజలు చాలు.

ఈతకల్లు చలికాలపుది. అప్పుడు పోయేటోళ్లు ఒకటి చూడండి: లొట్టి మూతి జాలితోనో గుడ్డతోనో కట్టి ఉందా? రాత్రిపూట గబ్బిలాలు వచ్చి ఊట నాకుతయి. బంగ్లాదేశ్‌ల నిఫా వైరస్ మనుషులకు ఎక్కువగా పాకింది పచ్చి ఈత ఊటతోనే. మూత లేని లొట్టి అయితే వద్దనండి.

తోటల కూసునే జాగ కూడా చూసుకోవాలె. చెట్టు మొదట్ల కూసోవద్దు, ఎండుమట్ట ఊడినా కత్తి జారినా నెత్తి మీదనే పడతది. తాటిమట్ట కరుకు కోస్తది, ఈతముల్లు చెప్పుల నుంచి దిగుతది, అందుకని బూట్లు వేసుకోండి. ఊటకు తేనెటీగలు, కందిరీగలు వస్తయి. అత్తరు కొట్టుకుని పోకండి, రేక నోట్ల పెట్టుకునే ముందు లోపల ఒకసారి చూడండి. ఏప్రిల్, మేల అకాల వాన మబ్బు పట్టి ఉరిమితే వెంటనే తోట విడిచి బండ్ల కూసొని తలుపులు మూసుకోండి. చుట్టూ పొలాలే ఉంటే పిడుగు పడేది ఆ ఎత్తు తాళ్ల మీదనే.

ఫోటో కోసం గౌడన్నను ఇంకోసారి ఎక్కుమని అడగొద్దు, తడిసిన చెట్టు అసలే వద్దు. మోకు, ముస్తాదు అనే చెట్టెక్కే సామాన్లతోని ఆయన పొద్దుమాపు చేసే పనే ప్రమాదం. 2024 జులైలో సర్కారు కాటమయ్య రక్షణ కవచం పేరిట సేఫ్టీ కిట్లు ఇయ్యడం మొదలుపెట్టింది అందుకే. ఎక్కాల్సినాయనకు ముందే తాగబోయకండి. మీరు ఎక్కే ముచ్చట అసలే పెట్టుకోకండి.

జనగామ దిక్కు పోయినోళ్లు ఖిలాషాపూర్ కోట కూడా చూద్దామంటరు. 1708ల వరంగల్ కోటను కొల్లగొట్టిన గౌడ వీరుడు సర్వాయి పాపన్నది ఆ కోట, చూడాల్సిందే. కానీ నీరా తాగినంక, కల్లు ముట్టక ముందు చూడండి. మత్తుల రాతి మెట్లు దిగడం, ఎక్కినంత తేలిక కాదు. బావులు, చెరువులల్ల ఈతకు దిగడం కూడా అంతే.

డ్రైవరుకు నీరా కూడా వద్దు. ఏ లొట్టి పులిసిందో ఏది పులవలేదో తొందరల తేల్చలేం. వంద మిల్లీలీటర్ల రక్తంల ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే పదివేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పదకొండు గంటలకల్ల తిరుగుబాట పట్టండి, ఆ తర్వాతి ఎండ కల్లు తాగిన ఒంటికి ఓర్వరాదు. ఎవరైనా పడిపోతే పక్కకు తిప్పి పండబెట్టండి, వెల్లకిలా పెడితే వాంతి గొంతుకు అడ్డం పడతది. పిలిస్తే పలుకకున్నా, ఊపిరి మెల్లగైనా, ఫిట్స్ వచ్చినా 108కి చేయండి. నిమ్మకాయ, మజ్జిగ నోట్ల పోయకండి.

ఇంటికి తీసుకపోతే సీసా ముప్పావు దాకే నింపి, మూత వదులుగ పెట్టండి. పులిసేటప్పుడు గ్యాసు పుడతది, బిగించిన సీసా ఎండల పగులుతది. ఐసు డబ్బాల పెట్టినా సాయంత్రానికల్ల అయిపోవాలె, మిగిలింది పుల్లగయితే పారబోయండి.