మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదలకు ఇంట్లో ఏం చేయాలి? అమ్మ మనసును ఎలా చూసుకోవాలి?

‘బ్రెయిన్ డెవలప్‌మెంట్’ అని రాసి ఉన్న ఖరీదైన బొమ్మలు కొట్లో కనబడితే కొనాలనిపిస్తుంది. నిజానికి ఈ వయసు పిల్లలకు కావాల్సింది తమ వైపు చూసి మాట్లాడే మనిషి. చాలా ఇళ్లలో ఆ మనిషి అమ్మే కాబట్టి ఆమెతోనే మొదలుపెడదాం.

1. ముందు అమ్మకు నిద్ర, తోడు

కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. అలా తగ్గకపోయినా, బిడ్డ పడుకున్నాక కూడా తనకు నిద్ర పట్టకపోయినా, బిడ్డను ఎత్తుకోవాలని అనిపించకపోయినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి వైద్యం ఉంది. “బంగారం లాంటి బిడ్డను పెట్టుకుని ఆ ఏడుపేంటే” అని మాత్రం దయచేసి అనకండి. ఆ ఒక్క మాటతో ఆమె ఇక నోరు విప్పదు. పాలిచ్చిన వెంటనే బిడ్డను నాన్నో అమ్మమ్మో తీసుకుని, మళ్లీ పాలవేళ అయ్యేదాకా ఆమెను పడుకోనివ్వాలి.

డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లలేకపోతే మనసు బాధలకు ఫోన్‌లో సలహా ఇచ్చే టెలి మానస్ నంబరు 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో ఆలోచనలు వస్తుంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. పని చేసుకుంటూ మాట్లాడండి

దీనికోసం ప్రత్యేకంగా టైమ్ కేటాయించక్కర్లేదు. చిక్కుడుకాయలు ఈనె తీసేటప్పుడు ఏడాదిన్నర పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. చేతికి ఒక కాయ ఇచ్చి, “ఇదేంటి? చిక్కుడుకాయ. విరుద్దామా? టప్!” అనండి. ఆ తర్వాత ఆగండి. మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకోండి. పిల్ల కాయను చూస్తుంది, మీ ముఖం చూస్తుంది, “తప్” అంటుంది. “అవును, టప్!” అని మీరు మళ్లీ అనాలి. చాలామంది పెద్దవాళ్లు ఆగరు, ప్రశ్న అడిగి జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. పిల్లలు మాట వెతుక్కోవడానికి ఆ కొద్దిసేపు కావాలి. నెలల పిల్లలైనా అంతే. వాళ్లు ‘ఊ’ అంటే మీరూ ‘ఊ’ అని, వాళ్ల వంతు కోసం చూడండి.

బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్న ఇళ్లలో రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయని భయపడుతుంటారు. అలా ఏమీ కాదు. మీకు హాయిగా వచ్చే భాషలో మాట్లాడండి.

3. అన్నం దగ్గర ఫోన్ తీసేయండి

రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒక్కసారిగా అన్నీ మానిపించడం కష్టం కాబట్టి అన్నం వేళతో మొదలుపెట్టండి. మొదట్లో పేచీ పెడతారు, రెండు ముద్దలు తక్కువ తింటారు. ఆకలేస్తే తింటారు, టెన్షన్ పడొద్దు. ఇంట్లో నానమ్మ, తాతయ్యలతో ముందే మాట్లాడుకోండి. ఒకరు తీసేసి ఒకరు ఇస్తుంటే పేచీ ఇంకా పెరుగుతుంది. దుబాయ్‌లో ఉన్న నాన్నతో వీడియో కాల్ వేరే సంగతి, అవతల మనిషి మాటకు మాట చెబుతాడు.

4. మారాం చేసినప్పుడు

కింద కూర్చుని, కళ్లలోకి చూస్తూ “బంతి ఇవ్వలేదని కోపమొచ్చింది కదా” అనండి. బంతి ఇవ్వాలని లేదు. “సూది వేయిస్తా”, “బూచాడికి ఇచ్చేస్తా” అనే బెదిరింపులు మానేయండి. సూదితో భయపెట్టిన పిల్లాణ్ణి రేపు టీకాకి తీసుకెళ్లాల్సింది మీరే. మీకే కోపం ఆగకపోతే పిల్లాణ్ణి ఇంకొకరికి అప్పగించి కాసేపు బయటికి వెళ్లిరండి.

5. అనుమానం వస్తే ఆగొద్దు

“మగపిల్లలకు మాటలు లేటే”, “వాళ్ల నాన్నకీ మూడేళ్లదాకా రాలేదు” అనే ఓదార్పులతో విలువైన కాలం పోతోంది. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు కావాల్సింది వేలితో చూపించకపోయినా, రెండేళ్లకు “అమ్మ, పాలు” లాంటి రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించండి. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే వెళ్లాలి. ముందుగా వినికిడి పరీక్ష చేయించండి.

ప్రభుత్వం 2013లో తెచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూస్తాయి. అవసరమైతే జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తాయి. ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. కొత్తచోట పిల్లలు బిగుసుకుపోతారు కాబట్టి, ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు తీసిన చిన్న వీడియో, వచ్చిన మాటల జాబితా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.