బ్రిటిష్ సైనికుడి బొమ్మకి సామాను తగిలించే ముందు ఏడాది తేల్చుకోండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైనికుడి బొమ్మ కొన్నవాళ్లలో చాలామంది పెట్టెలో వచ్చిన తుపాకులు, సంచులు, సీసాలు వరసపెట్టి అంటించేస్తారు. దాంతో 1940లో ఫ్రాన్స్‌లో ఉండాల్సినవాడి చేతికి 1944 రైఫిల్ వస్తుంది. ఫెవిక్విక్ మూత తీయకముందే మీవాడు ఏ ఏడాదిలో, ఏ దేశంలో ఉన్నాడో తేల్చుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే.

1940 ఫ్రాన్స్ అయితే ఉన్ని బాటిల్‌డ్రెస్ (పొట్టి కోటు, ప్యాంటు ఉండే యుద్ధ యూనిఫాం), పళ్లెంలా పరుచుకున్న మార్క్ 2 హెల్మెట్, గుండెల మీద గ్యాస్ మాస్క్ సంచి, నంబర్ 1 మార్క్ 3 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, దాని కొసకి తగిలించే, 17 అంగుళాల అలుగున్న బాయ్‌నెట్ కత్తి. 1942 ఈజిప్ట్ ఎడారిలోని ఎల్ అలమీన్ అయితే ఖాకీ చొక్కా, నిక్కరు, ఎండకి వెలిసి తెల్లబడ్డ బెల్టులు. 1944లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీకి వచ్చేసరికి నంబర్ 4 రైఫిల్, మేకులాంటి పొట్టి బాయ్‌నెట్, కొందరికి తలని ఇంకా కిందిదాకా కప్పే మార్క్ 3 హెల్మెట్.

మనవైపు వాళ్లకి నేను చెప్పేది మాత్రం బర్మా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయి, శ్రీకాకుళానికి ఆ యుద్ధం అంత దగ్గర, అయినా అందరూ నార్మండీ బొమ్మలే చేస్తారేటో. 1944 బర్మా సైనికుడికి ఆకుపచ్చ జంగిల్ గ్రీన్ బట్టలు, ఒకవైపు అంచు మడిచిన స్లౌచ్ టోపీ, ఆకుపచ్చ రంగు పులిమిన బెల్టులు. పక్కన మన భారత సైనికుణ్ణి నిలబెడితే అతని చేతిలో పాత నంబర్ 1 రైఫిలే ఉంచండి, అవి బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారయ్యేవి.

ఇక అసలు పని బెల్టుల దగ్గర. అప్పటి బ్రిటిష్ సైనికుల బెల్టులు, సంచుల సెట్టుని 1937 ప్యాటర్న్ అంటారు. అందులో నడుం బెల్టు వెడల్పు రెండుంబావు అంగుళాలు, అంటే 1/35 సైజు బొమ్మలో (అసలులో 35వ వంతు) 1.6 మిల్లీమీటర్లు. బెల్టుల కోసం పెయింట్ల షాపులో దొరికే మాస్కింగ్ టేపుని గాజు పలక మీద అంటించి, స్టీల్ స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో కోయండి, పాత బ్లేడైతే అంచు పీచులు లేస్తుంది. బకిల్‌కి రెండువైపులా ముందు భాగంలో పెద్ద పౌచులు రావాలి. రైఫిల్ పట్టుకున్నవాడికి అంత పెద్దవెందుకంటే, సెక్షన్‌లోని (చిన్న జట్టు) బ్రెన్ గన్ అనే తేలికపాటి మెషిన్ గన్‌కి కావాల్సిన వంపు మ్యాగజైన్లు (తూటాల పెట్టెలు) అందరూ తలా కొన్ని మోసేవారు. భుజాల పట్టీలు పౌచుల పైనుంచి బయల్దేరి, వీపు మీద అడ్డంగా దాటుకుని, వెనక బెల్టుకి దిగాలి. దాటుకునే చోట చిన్న సంచి కూర్చుంటుంది, నడుం మీదికి జారితే బొమ్మ మొత్తం పాడైనట్టే. నీళ్ల సీసా కుడి తుంటి మీద, బాయ్‌నెట్ ఎడమవైపు.

సంచి నిండుగా కనబడాలంటే ఎమ్‌సీల్ ముద్దని అగ్గిపుల్లతో ఒత్తి, గట్టిపడకముందే మూత మడత గీయండి. చుట్టిన రెయిన్‌కేప్‌కి టిష్యూ పేపర్‌ని ఫెవికాల్ నీళ్లలో ముంచితే చాలు. గుడ్డ జోలికి పోవద్దు, పొందూరు ఖద్దరు ఎంత సన్ననిదైనా ఈ సైజుకి రగ్గంత మందం. హెల్మెట్ వలకి మాత్రం మందుల షాపు గాజుగుడ్డ ఒక పొర సరిపోతుంది. రైఫిల్ పొడవు 32 మిల్లీమీటర్లు ఉందో లేదో కొలిచి చూడండి, చవక సెట్లలో ఎక్కువ తేడా వచ్చేది అక్కడే.

రంగు సంగతి. బాటిల్‌డ్రెస్ గోధుమ ఛాయ ఖాకీ, యూరప్‌లో బెల్టులు పచ్చటి ఛాయ ఖాకీ, రెండింటికీ ఒకే రంగు వేస్తే బెల్టులు కనబడనే కనబడవు. బూట్లు నల్లవి. బెల్టుల బకిళ్లు ఇత్తడివి, సన్న కుంచె కొసతో బంగారు రంగు చుక్క చాలు. తుపాకీ ఇనుముకి నలుపు వేసి, ఆరాక పెన్సిల్ ముక్కు రుద్దండి.

మ్యాట్ వార్నిష్ స్ప్రే వానాకాలంలో కొట్టకండి. సముద్రం పక్కన ఉన్నాం, గాలిలో తేమకి బొమ్మ మీద తెల్లటి పొర కట్టేస్తుంది. ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం కొట్టండి, తొందరైతే డబ్బాలో దొరికే వార్నిష్ కుంచెతో పల్చగా రెండుసార్లు పూయండి.