విదేశానికి బయలుదేరే ముందు ఆన్‌లైన్ ఖాతాల విషయంలో జాగ్రత్తలు

కడప జిల్లా నుంచి కువైట్‌కు పనికి వెళ్లేవారూ, అనంతపురం, కర్నూలు కళాశాలల్లో ఇంజనీరింగు ముగించి పైచదువులకు వెళ్లేవారూ పాస్‌పోర్టు, వీసా, సర్టిఫికెట్ల నకళ్లన్నీ ఇప్పుడు ఫోనులోనే పెట్టుకుని విమానం ఎక్కుతున్నారు. వారిలో గోప్యత గురించి పట్టింపు ఉన్న కొందరు గోప్యతకు ప్రాధాన్యమిచ్చే మెయిలు సేవల సంస్థ ప్రోటాన్ వంటిదాన్ని ఎంచుకుని, మెయిలు, ఇంటర్నెట్ వాడకాన్ని ఇతరుల కంటపడకుండా చేసే వీపీఎన్, ఫైళ్లు దాచుకునే డ్రైవ్, పాస్‌వర్డులన్నీ భద్రపరిచే పాస్‌వర్డ్ మేనేజర్, లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్, అన్నింటినీ ఒకే ఖాతా కింద ఉంచుతున్నారు. సంస్థ ఎంత మంచిదైనా ఈ పద్ధతి ప్రమాదకరం. వేరుశనగ ఒక్కటే నమ్ముకున్న రైతుకు వాన తప్పిన ఏడు ఏమవుతుందో అనంతపురంలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చడం, మన ఉత్తరాలను ఇతరులు చదవకుండా కాపాడుతుంది గాని, ఖాతా రేపు కూడా తెరుచుకుంటుందని హామీ ఇవ్వదు. గోప్యతకు పేరుపొందిన లావాబిట్ మెయిలు సేవ 2013 ఆగస్టులో అకస్మాత్తుగా మూతపడింది. స్కిఫ్ అనే మరో మెయిలు సంస్థను 2024 ఫిబ్రవరిలో నోషన్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కొనుగోలు చేసి, ఆ ఏడాదే దాని సేవలను ఆపివేసింది. మన దేశంలో 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వినియోగదారుల వివరాలను ఐదేళ్లు భద్రపరచాలని కోరడంతో పలు వీపీఎన్ సంస్థలు ఇక్కడి సర్వర్లను తొలగించాయి. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్‌ను బ్లాక్ చేసేందుకు చర్యలు తీసుకోవాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఇంతకన్నా తరచుగా ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. పరాయి దేశంలో ఫోను పోయిందనుకుందాం. కొత్త ఫోనులో మెయిలు తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది మేనేజర్‌లో ఉంది. మేనేజర్ తెరవాలంటే అదే ఖాతాలోకి వెళ్లాలి. అందుకు అడిగే కోడ్ పోయిన ఫోనులోని ఆథెంటికేటర్‌లో ఉంది. రికవరీకి ఇచ్చిన నంబరు ఇక్కడి సిమ్‌దైతే, దానికి రోమింగు లేకపోతే, ఆ దారీ మూసుకుపోతుంది. వీసా నకలు కూడా ఆ ఖాతాలోని డ్రైవ్‌లోనే ఉంటుంది.

అందువల్ల మెయిలును, పాస్‌వర్డ్ మేనేజర్‌ను వేరు చేయడం అన్నిటికన్నా ముఖ్యం; సమయం లేనివారు ఈ ఒక్క పనైనా చేయాలి. మేనేజర్‌గా బిట్‌వార్డెన్ వంటి విడి సేవను వాడి, దాని ప్రధాన పాస్‌వర్డును మనసులో ఉంచుకోవాలి. కోడ్‌లకు ఆండ్రాయిడ్‌లో ఏజిస్ వంటి విడి ఆప్ పెట్టి, దాని బ్యాకప్‌ను ఫోను బయట దాచాలి. ఆథెంటికేటర్ లేనప్పుడు వాడే బ్యాకప్ కోడ్‌లను, ఖాతాను తిరిగి పొందేందుకు ప్రోటాన్ ఇచ్చే 12 పదాల రికవరీ ఫ్రేజ్‌ను కాగితంపై రాసి, ఒక ప్రతిని పెట్టెలో, మరొకటి ఇంట్లో నమ్మకమైన వారి వద్ద ఉంచాలి. పాస్‌వర్డ్ మరచి కొత్తది పెట్టుకున్నప్పుడు, ఈ పదాలో రికవరీ ఫైలో లేకపోతే ఖాతా తెరుచుకున్నా పాత ఉత్తరాలు చదవడానికి వీలుకాకపోవచ్చు. పత్రాల నకళ్లు డిజిలాకర్‌లోనూ, పాస్‌వర్డ్ పెట్టిన పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి. చందా గడువు ప్రయాణ కాలంలో పడుతుందేమో చూసి ముందే చెల్లించాలి; అన్ని సేవలూ ఒకే చందాపై ఉంటే, చెల్లింపు ఆగినప్పుడు అన్నీ ఒకేసారి కుంటుపడతాయి.

బయలుదేరడానికి వారం ముందు, ఇంట్లోని మరొకరి ఫోనులో, రాసుకున్న కాగితం, గుర్తున్న పాస్‌వర్డ్ మాత్రమే ఆధారంగా మెయిలు, మేనేజర్, డిజిలాకర్ తెరిచి చూడాలి. ఏది తెరుచుకోకపోయినా, సిమ్ చేతిలో ఉండగానే ఇక్కడే సరిచేసుకోవాలి.